‘ఆడవాళ్ళకు మాత్రమే’ అన్న పెట్టె ఎక్కాలా, వద్దా?

శొంఠికొమ్ము:
నేను ఒక్కదాన్నే విదేశాలకి వెళ్ళినప్పుడల్లా, ప్రయాణికులకి మంచం లెక్కన అద్దెకిచ్చే హాస్టల్లో లేడీస్ డార్మే (ఆడవాళ్ళే కలిసి పడుకునే గది) తీసుకుంటాను. మెట్రోలో ఆడవాళ్ళ పెట్టె ఉంటే వెతుక్కుని మరీ ఎక్కుతాను. మొన్న ఒక స్నేహితురాలు తేల్చి పారేసింది: "అంత దూరం వెళ్ళీ అంతఃపురంలోనే ఉంటానంటే ఇక వెళ్ళడం ఎందుకే?" ఒళ్ళు మండింది గానీ జవాబు దొరకలేదు. ఒంటరిగా తిరిగే వాళ్ళని అడుగుతున్నాను. ఈ విడి ఏర్పాట్లు నిజంగా కాపాడతాయా, లేక మనల్ని మనమే ఓ మూలకి నెట్టుకుంటున్నామా? "జాగ్రత్తగా ఉండండి" అని మాత్రం రాయకండి. అది ఇంట్లో కావలసినంత విన్నాను.

అడ్డప్రశ్న:
మీ స్నేహితురాలి మాట దురుసే, కానీ అందులో పాయింటుంది. అసలు ఈ పెట్టెలు ఎలా వచ్చాయో చూడండి. టోక్యోలో కేయో అనే రైలు లైన్ వాళ్ళు 2000 డిసెంబరులో, ఏడాది చివరి విందుల కాలంలో, రాత్రి ఆలస్యంగా నడిచే బండ్లలో మొదలుపెట్టారు. తాగి ఎక్కేవాళ్ళ వేధింపులు భరించలేక. తర్వాత మిగతా లైన్లకీ పాకింది, ఎక్కువగా పొద్దుటి రద్దీ వేళల్లో. బ్రెజిల్‌లో రియో వాళ్ళు 2006లో చట్టమే చేశారు. ఇన్నేళ్ళయినా "ఇక అక్కర్లేదు" అని ఎత్తేసే పరిస్థితి వచ్చిందా? రాలేదు. వేధించేవాడు ఉన్నచోటే ఉన్నాడు, పక్కకి జరిగింది మనం.

ఇంకోటి. అలాంటి పెట్టె ఉండగా మామూలు పెట్టె ఎక్కిన అమ్మాయికి ఏదైనా అయితే, ముందు అడిగేది "అందులో ఎందుకు ఎక్కలేదు?" అనే. 2015లో బ్రిటన్‌లో లేబర్ పార్టీ నాయకత్వానికి పోటీపడుతున్న జెరెమీ కోర్బిన్ లేడీస్ బోగీల గురించి ఆడవాళ్ళ అభిప్రాయం అడుగుదామంటే, ఆయన సొంత పార్టీలోని మహిళా నాయకులే కుదరదన్నారు.

రాత్రిబండి:
బాగా చెప్పారు. ఇప్పుడు ఇదే మాట రాత్రి రైల్లో ఆరు బెర్తుల గదిలో, ఐదుగురు తెలియని మగవాళ్ళ మధ్య, బూట్లు విప్పి పడుకుని చెప్పండి.

ఆ ఐదుగురూ పెద్దమనుషులే కావచ్చు. నాకు నిద్ర పట్టదు, అంతే. ఆస్ట్రియా వాళ్ళ నైట్‌జెట్ బండ్లలో ఆడవాళ్ళకి విడిగా గది అడగొచ్చు, నేను అడుగుతాను. రాత్రంతా మేలుకున్న మనిషి తెల్లారి ఏం చేస్తుంది? స్టేషన్ బయట "టాక్సీ, టాక్సీ" అంటూ వెంటపడ్డ మొదటివాడి బండి ఎక్కేస్తుంది. ఫోన్ చార్జింగ్ చూసుకోదు. పాస్‌పోర్టు కౌంటర్ మీద వదిలేసి వస్తుంది. నా లెక్కలో భద్రత అంటే సగం నిద్రే.

మిగతా సగం గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అది చాలా చిన్న సంగతి. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ తీరిగ్గా కూర్చోవడం. నెలసరి ముందే వస్తే పక్క మంచం ఆవిడని ప్యాడ్ అడగగలగడం. నిద్రలో దుప్పటి తొలగిందేమో అని ఉలిక్కిపడకపోవడం. ఇంకా, ఆ ఊళ్ళో ఏ వీధి చీకటి పడ్డాక బాగోదో, ఏ గైడు ఫొటో తీసే వంకతో భుజం మీద చెయ్యేస్తాడో ఆ గదిలోనే తెలుస్తుంది. గైడ్ పుస్తకాల్లో ఇవి రాయరు. దీన్నంతా భయం అంటే నేనొప్పుకోను.

కొత్తబూట్లు:
మా చెల్లి వచ్చే నెల ఒక్కతే లండన్ వెళ్తోంది. ఇంత చర్చ ఎందుకండీ, బ్యాగులో ఓ పెప్పర్ స్ప్రే పడేస్తే ఏ పెట్టె ఎక్కినా ఒకటేగా?

అడ్డప్రశ్న:
ఆగండాగండి! బ్రిటన్‌లో పెప్పర్ స్ప్రే 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద నిషిద్ధ ఆయుధం. వాడక్కర్లేదు, దగ్గరుంటేనే నేరం. విమానం క్యాబిన్‌లోకి ఎలాగూ రానివ్వరు. రక్షణ కోసం మీరిచ్చిందే ఆవిణ్ణి పోలీస్ స్టేషన్‌కి ఎక్కిస్తుంది. గట్టిగా కూతపెట్టే చిన్న అలారం కొనివ్వండి, దానికి అక్కడ అభ్యంతరం లేదు. ఫోన్లో అక్కడి అత్యవసర నంబరు 999 పెట్టివ్వండి, అక్కడ 112 నొక్కినా కలుస్తుంది. ఐరోపా యూనియన్ దేశాలన్నిటిలోనూ 112. ఎప్పుడైనా జపాన్ వెళ్తే పోలీసులకి 110, అంబులెన్సుకి 119.

పెట్టెసర్దుడు:
మీరందరు పెట్టె లోపలనే కొట్లాడుతున్నరు. ఒంటరిగ పోయేటోళ్ళకి ఇబ్బంది అయ్యేది పెట్టె దిగినంక. స్టేషన్ నుంచి రూము దాకా నడిచే ఆ కొంచెం దూరం, చేతిల సామాను, కళ్ళు ఫోన్ మ్యాపు మీద. అందుకే నేను కొత్త ఊరికి వెలుతురుండంగ చేరే టికెట్టే కొంట, రేటు ఎక్కువైనా సరే. రిసెప్షన్‌ల రూము నంబరు అందరికీ వినబడేటట్టు చెప్తే, వేరే రూము ఇయ్యమని అక్కడనే అడుగుత. వాళ్ళు మొహం చిట్లిస్తరు, ఇస్తరు.

ఇంగ లేడీస్ అని బోర్డు ఉంటే సరిపోదు, ఆ బోర్డును నిలబెట్టేది ఎవరో చూడాలె. దుబాయ్ మెట్రోల ఆడవాళ్ళు, పిల్లల భాగంల మగాయన ఎక్కితే జరిమానా. మెక్సికో సిటీల రద్దీ టైముల పోలీసులే ప్లాట్‌ఫాం మీద అడ్డం నిలబడి ఆపుతరు. జపాన్‌ల అయితే చట్టం లేదు, మర్యాద మీద నడుస్తది. కైరోల మధ్య పెట్టెలు ఆడవాళ్ళవి. బండి వచ్చినంక ఉరకకుండ, ప్లాట్‌ఫాం మీద ముందే గుర్తు చూసుకొని నిలబడాలె. హాస్టలైనా అంతే. లేడీస్ డార్మ్ అని రాసి, వరండా తలుపు ఎవరు నూకినా తెరుచుకుంటే ఏం లాభం? బుక్ చేసేటప్పుడు ఫొటోలు కాదు, ఒంటరిగ పోయిన ఆడవాళ్ళు రాసిన రివ్యూలు చదువుండ్రి.

శొంఠికొమ్ము:
@అడ్డప్రశ్న గారూ, మీ వాదనలో ఒక్కటి మింగుడుపడటం లేదు. ఆ నగరంలో మగవాళ్ళు మారాలి, నిజమే. కానీ వాళ్ళని మార్చే పని నాలుగు రోజులుండి వెళ్ళే నా మీద ఎందుకు పెడతారు? రోజూ ఆ బండెక్కే స్థానిక ఉద్యోగిని మామూలు పెట్టెలో నిలబడితే అది పోరాటం. నేను నిలబడితే ఒక టూరిస్టు నిలబడింది, అంతే. అయితే ఒకటి ఒప్పుకుంటాను, కామన్ హాల్లోకి కూడా పోకుండా గదిలోనే ముడుచుకున్న సాయంత్రాలు నాకున్నాయి. అంతఃపురం అన్న మాట గుచ్చుకున్నది వాటికే అనుకుంటా.

అడ్డప్రశ్న:
సరే, రైలు సంగతి వదిలేస్తున్నా. డార్మ్ దగ్గర మాత్రం తగ్గను. చాలా చోట్ల లేడీస్ డార్మ్‌కి, ఆడా మగా కలిసుండే మిక్స్‌డ్ కంటే ఎక్కువ గుంజుతారు. మంచానికి పరదా, సొంత లాకరు, కీకార్డు ఉన్న మిక్స్‌డ్ డార్మ్, ఇవేవీ లేని లేడీస్ డార్మ్ కంటే నయం. అయినా ఒకరి ప్రవర్తన బాగోలేదని ఇంకొకరి దగ్గర ఎక్కువ వసూలు చేయడం ఏం న్యాయం?

రాత్రిబండి:
న్యాయం కాదు. అయినా కడతాను. గురకపెట్టే వాళ్ళకి వేరే డార్మ్ పెట్టి వాళ్ళ దగ్గర గుంజమనండి, అప్పుడు మిక్స్‌డ్ గురించి ఆలోచిస్తా.

కొత్తబూట్లు:
ఇదంతా చెల్లికి చూపించాను. "నన్నడక్కుండా నా మీద చర్చ పెట్టావా?" అని తిట్టింది. స్ప్రే ఆలోచన మానేశాం. ఆవిడదే ఒక ప్రశ్న: లైవ్ లొకేషన్ రోజంతా మాకు ఆన్‌లో పెట్టాలా?

పెట్టెసర్దుడు:
ఊరు మారే రోజు పెట్టుమను, రూముకు చేరినంక ఆపుమను. దినమంతా పెడితే సిగ్నల్ పోయినప్పుడల్లా మీరే ఆగమై ఫోన్లు కొడతరు. ఈ లొకేషన్ మీద ఇంక వాదన పెట్టుకోవాలంటే వేరే పోస్టు పెట్టుండ్రి, అది దీనికన్న పెద్ద లొల్లి.