చెరువు గట్ల మీదకి 570 ఏటీవీ చాలా, 850 కావాలా?

మాది ఆకివీడు దగ్గరండి, రొయ్యల చెరువులు. వానాకాలం ఇక్కడి నల్లమట్టి సంగతి ఇటువాళ్లకి చెప్పక్కర్లేదు, బైకు దిగబడిపోతుంది, ట్రాక్టర్ ఎక్కిస్తే గట్టే జారిపోతుంది, అందుకే మేత బస్తాలు వేసి చిన్న ట్రాలీ లాగడానికి సెకండ్ హ్యాండ్ ఏటీవీ (బురదలో తిరిగే లావు టైర్ల నాలుగు చక్రాల బండి) చూస్తున్నాం.

పొలారిస్ స్పోర్ట్స్‌మ్యాన్ 570లో 567 సీసీ సింగిల్ సిలిండర్, 44 హార్స్‌పవర్. 850లో రెండు సిలిండర్లు, 78 హార్స్‌పవర్. సీసీ సగం పెరిగితే పవర్ ముప్పావు వంతుకి పైనే ఎలా పెరిగిందండి? ఎక్కువ ఆర్పీఎం తిరగడం వల్లేనా? అదే అయితే మాకేం లాభం, గట్టు మీద ఎవరు పరిగెత్తిస్తారు, మాకు కావాల్సింది తక్కువ స్పీడులో టార్క్ (లాగే బలం) కదా.

మా బావ మాత్రం పెద్దదే కొనమని ఒకటే పోరు (సంక్రాంతికి ఊళ్లో తిప్పుకోవాలని లెండి). నా టెన్షన్ బరువు గురించి, అది దిగబడితే లాగేదెవరు?

ఇంకోటి, వీటిలో సీవీటీ బెల్టు (గేర్లు మార్చే పని లేకుండా ఇంజిన్ పవర్‌ని చక్రాల వైపు అందించేది) ఉంటుంది కదా, లో రేంజ్‌లో పెట్టి రోజూ లోడు లాగితే 570లో బెల్టు త్వరగా పోతుందా? లోపలికి నీళ్లు వెళ్తే జారుతుందంటున్నారు, నిజమేనా? బురదలో వాడినవాళ్లు కాస్త చెప్పండి.