లండన్ ఆఫర్: హోదా తగ్గినట్టేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు టెక్నాలజీ విభాగంలో వీపీ(వైస్ ప్రెసిడెంట్)గా చేశాను. ఇప్పుడు లండన్‌లో ఎంబీఏ అయిపోవస్తోంది, ఇక్కడి బ్యాంకులో మెర్జర్స్ (కంపెనీల విలీనాలు, కొనుగోళ్ల డీల్స్) టీములో అసోసియేట్ ఆఫర్ వచ్చింది. మెట్టు దిగినట్టేనా?

కానరీ వార్ఫ్ నుంచి: దిగినట్టు కాదు తమ్ముడూ. టెక్నాలజీ వీపీ, డీల్స్ వీపీ పేరుకే ఒకటి, జీతంలో చాలా తేడా. ఇక్కడ అనలిస్ట్‌గా రెండు మూడేళ్లు, అసోసియేట్‌గా సుమారు మూడేళ్లు, ఆపైన వీపీ, డైరెక్టర్, ఎండీ. అసోసియేట్ దాకా మోడల్ (కంపెనీ విలువ లెక్కలు), పిచ్‌బుక్ (క్లయింటుకు చూపే ప్రెజెంటేషన్) తప్పుల్లేకుండా ఉంటే నెట్టుకురావచ్చు. వీపీకి డీల్ నడపడం రావాలి. డైరెక్టర్ అయ్యాక క్లయింట్లనే తేవాలి, చాలామంది ఆగిపోయేది అక్కడే. ఎన్నో ఏడాది అసోసియేట్‌గా లెక్కేసి తీసుకుంటున్నారో కాగితం మీద రాయించుకో.

హారో నుంచి: హోదా సంగతి సరే, ముందు పన్ను చూసుకో బాబూ. ఆదాయం లక్ష పౌండ్లు దాటితే ప్రతి 2 పౌండ్లకూ 12,570 పన్నులేని మొత్తంలో 1 పౌండు కోస్తారు. 1,25,140 వచ్చేసరికి అది సున్నా. ఆ మధ్యలో వచ్చే ప్రతి వందలో నేషనల్ ఇన్సూరెన్స్‌ (జీతంలో కోసే సామాజిక భద్రతా చందా)తో కలిపి 62 పోయి, 38 మిగులుతుంది. బోనస్ సరిగ్గా అక్కడే పడితే పెన్షన్‌కి మళ్లించు. డబ్బు చేతికి రాకముందే హెచ్‌ఆర్‌కి ఆ ఫారం ఇవ్వాలి, ఆ తర్వాత ఒప్పుకోరు.

కానరీ వార్ఫ్ నుంచి: అక్కా, ఆ పెన్షన్ 2028 ఏప్రిల్ నుంచి 57 ఏళ్లు నిండితే గానీ తీయలేం. ఇంటికి డిపాజిట్ కూడబెట్టాల్సినవాడికి ఆ సలహా వద్దు.

హారో నుంచి: చంటిపిల్లలుంటే ఆ మాట అనరు మీరు. దంపతుల్లో ఒక్కరి ఆదాయం లక్ష దాటినా 30 గంటల ఉచిత నర్సరీ పోతుంది. ఆ నష్టం ముందు ఎదురుచూడటం ఎంత?

రెడింగ్ నుంచి: ఫారం గడువు దాటినా దారుంది. ఏప్రిల్ 5 లోపు సిప్ (SIPP, మనమే తెరుచుకునే పెన్షన్) ఖాతాలో సొంతంగా వేస్తే లక్ష లెక్కకు అది తగ్గింపే. నేషనల్ ఇన్సూరెన్స్ కింద పోయిన 2 శాతం మాత్రం వెనక్కి రాదు.

తమ్ముడు అడగనిది ఇంకొకటి. బోనస్ పడే రోజుకి రాజీనామా ఇచ్చి ఉంటే బ్యాంకు ఏమీ ఇవ్వనక్కర్లేదని చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. చేరేటప్పుడిచ్చే సైన్-ఆన్ బోనస్ ఏడాదిలోపు మానేస్తే చాలాచోట్ల తిరిగి కట్టాలి. తిరిగి కట్టేది పన్ను పోగా చేతికొచ్చిందా, పూర్తి మొత్తమా అన్నది సంతకానికి ముందే అడుగు. స్పాన్సర్ వీసా మీద మారేటప్పుడు కొత్త అనుమతి చేతికొచ్చాకే కొత్త చోట మొదటి రోజు పెట్టుకో.