సమస్యాపూరణం: ‘తనది యైన దానిఁ దాను కొనియె’

నిర్వాహకుడు, నల్లగొండ:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం, ఇతివృత్తం బైబిలులోని హోషేయ గ్రంథం మూడవ అధ్యాయం. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో ఉత్తర ఇశ్రాయేలు రాజ్యంలో ప్రవచించిన హోషేయ, పరుల వెంట వెళ్లిపోయిన భార్యను 15 తులాల వెండి, ఏదుము యవలు ఇచ్చి మళ్లీ తెచ్చుకున్నాడు. తనను మరచి బయలు అనే అన్యదేవతను కొలిచిన ప్రజను దేవుడు ప్రేమించే తీరు అదేనని ఆ గ్రంథం చెబుతుంది. ఈ పాదం నాకు చిన్ననాటి జ్ఞాపకం నుండి వచ్చింది. కరువు ఏడు మా నాయన దేవరకొండ దిక్కు అంగడిలో ఆవును అమ్మి, వారం తిరగకముందే ఎక్కువ ధర పెట్టి దాన్నే కొనుక్కొచ్చాడు, ఎందుకంటే అమ్మ ఆ వారమంతా ఖాళీ గుంజకున్న పలుపును విప్పనివ్వలేదు.

పూరణ 1 (వనపర్తి):
పెండ్లి చెఱిచి యేగెఁ బెఱవాని వెంబడి
వెలకు నిలిచెఁ దుదకు వీధిలోన
వెండిఁ దూఁచి, యవలు వెచ్చించి హోషేయ
తనది యైన దానిఁ దాను కొనియె

నిర్వాహకుడు:
నిర్దుష్టమైన పూరణ. ‘వెచ్చించి’ అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. నిర్గమకాండంలో ఎద్దు పొడిచి చంపిన దాసికి కట్టవలసిన సొమ్ము 30 తులాల వెండి, ఇక్కడ వెండి అందులో సగమే, మిగిలినది గింజలు. ఏదుము అంటే ఐదు తూములని పాలమూరు పల్లెల్లో పెద్దలకు వివరించనక్కరలేదు. ఆ యవలను మన ఇంటి గుమ్మిలోని జొన్నలుగా తలచుకుంటే, చేతిలో వెండి చాలక తినే గింజలు కొలిచి ఇచ్చిన మనిషి కనిపిస్తాడు. క్షమ పొందినవారికి అది ఉచితమే, క్షమించినవాని ఇంట్లో మాత్రం గుమ్మి తరిగింది.

పూరణ 2 (నాగర్‌కర్నూల్):
పసిఁడి గాదు, వెండి పనికిరా దనుచును
సిలువ మీఁద నిడెను జీవ మెల్ల
తండ్రి చేతి సృష్టి తప్పిపోయిన నాఁడు
తనది యైన దానిఁ దాను కొనియె

నిర్వాహకుడు:
వెండి బంగారాల వంటి నశించే వస్తువులతో మీరు విడుదల పొందలేదని పేతురు మొదటి పత్రికలో ఉన్న మాటను హోషేయ వెండికి ఎదురు నిలపడం చక్కగా ఉంది. ‘సి’కి ‘జీ’తో యతి సరియే. అయితే మూడవ పాదంలో సృష్టి తండ్రిదని చెప్పి, నాలుగవ పాదంలో కుమారుడు ‘తనది’ అనడం వల్ల అన్వయం సడలింది. సమస్తమూ ఆయన మూలంగా కలిగిందని యోహాను సువార్త చెబుతోంది కనుక ‘తాను మలచు సృష్టి’ అంటే గణాలు, యతి, అర్థం మూడూ నిలుస్తాయి.

పూరణ 3 (మిర్యాలగూడ):
నన్నుఁ గొన్న నాఁడు నడిచితిఁ దలవంచి
తిట్ట లేదు, చేయి యెత్త లేదు
తాను పెండ్లియాడఁ దనదాన నైతిని
తనది యైన దానిఁ దాను కొనియె

నిర్వాహకుడు:
హోషేయ భార్య గోమెరు మాట్లాడటం ఈ వారం ఇదొక్క పద్యంలోనే. రెండవ పాదంలో ‘తి’కి ‘యె’ యతి కుదరలేదు, యతికి బదులు రెండవ అక్షరాలను కలిపే ప్రాసయతి చూద్దామన్నా ట్టకు త్త చెల్లదు. ‘తిట్ట లేదు, చేయి పట్టుకొనియె’ అంటే ప్రాసయతి చెల్లుతుంది. కొడతాడేమోనని ఆమె భయపడిన ఆ చేయే ఆమె చేతిని పట్టుకుంటుంది.

కల్వకుర్తి సభ్యుడు:
అయ్యా, నాకు రెండు సందేహాలున్నాయి. భార్యను ‘దాని’ అనడం, వెల పెట్టి కొనడం ఆమెను వస్తువును చేయడం కాదా? ఎన్నిసార్లు తప్పినా చేరదీస్తే తప్పుకు ధైర్యం ఇచ్చినట్లు కాదా?

నిర్వాహకుడు:
మన వ్యాకరణంలో ఏకవచనాన స్త్రీవాచకం అమహత్తు, అంటే పురుషవాచకం కాని మాటల వర్గంలోది కనుక ‘దాని’ అనడం దోషం కాదు, అయినా ఈనాటి చెవికి అది గుచ్చుకుంటుందని ఒప్పుకుంటాను. మీ అసలు ప్రశ్నకు జవాబు హోషేయ రెండవ అధ్యాయంలోనే ఉంది. హీబ్రూలో ‘బయలు’ అంటే యజమాని అనే అర్థం కూడా ఉంది. ఇకమీదట నన్ను ‘నా బయలు’ అనవు, ‘నా పురుషుడు’ అంటావని దేవుడు అక్కడ తన ప్రజతో చెబుతాడు. వెల చెల్లించినవాడే యజమాని అనే పిలుపును వద్దనుకున్నాడు. రెండవ సందేహానికి మూడవ అధ్యాయం చూడండి: తెచ్చుకున్న తరువాత, ఇక వేరొకరిని కూడక తనతోనే ఉండమని హోషేయ ఆమెను కోరాడు. అయితే ఆ మాట వెల చెల్లించిన తరువాతిది. మారితే కొంటానని అతడు బేరం పెట్టలేదు, ఆమె మారకముందే కొన్నాడు.

మిర్యాలగూడ సభ్యురాలు:
గురువుగారికి నమస్కారం. నేను యతి కోసం వెతికాను కాని ఆమె చేయి ఎక్కడుందో చూడలేదు. సవరించిన పద్యం:
నన్నుఁ గొన్న నాఁడు నడిచితిఁ దలవంచి
తిట్ట లేదు, చేయి పట్టుకొనియె
తాను పెండ్లియాడఁ దనదాన నైతిని
తనది యైన దానిఁ దాను కొనియె