టారో కార్డులు నిజంగా ఈజిప్టు నుంచి వచ్చాయా?

ప్రశ్న: టారో కార్డులు ప్రాచీన ఈజిప్టు పూజారులు దాచిన జ్ఞానమని, అందుకే అవి భవిష్యత్తు చెప్పగలవని ఈ కార్డులు చూసి జోస్యం చెప్పే ఒక రీడర్ గారు నాతో అన్నారు. ఈ మాటకు ఆధారం ఉందా? లేకపోతే ఆ పద్ధతినే తోసిపుచ్చాలా?

సమాధానం 1: ఆధారం లేదండీ. టారో పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటగా పుట్టింది. 1440 నాటి ఫ్లోరెన్స్ రాతల్లోను, 1442 నాటి ఫెర్రారా ఆస్థానపు పద్దుల్లోను దాని ప్రస్తావన ఉంది. నాలుగు రంగుల్లో 56 ముక్కలు, వాటిని కోయడానికి 21 తురుపు ముక్కలు, ఒక విదూషకుడు, మొత్తం 78. ఫ్రాన్సులో ఈనాటికీ దీన్ని ఆటగానే ఆడేవారు ఎందరో ఉన్నారు. మిలాన్ ప్రభువుల కోసం బంగారు రేకు అద్ది గీయించిన విస్కోంటి-స్ఫోర్జా ముక్కలను చూస్తే పోపు, అదృష్టచక్రం, చివరి తీర్పునాడు సమాధిలోంచి లేచే మనుషులు కనిపిస్తారు. అది ఆనాటి క్రైస్తవ ఐరోపా లోకమే తప్ప నైలు నది ఒడ్డు కాదు. ఈజిప్టు కథను 1781లో పారిస్‌లో ప్రచారంలోకి తెచ్చినవాడు కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి రచయిత. ఈజిప్టు చిత్రలిపిని ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ చదవగలిగింది 1822లో కాబట్టి, జెబెలాన్ తన మాటను ఏ ఈజిప్టు రాతతోనూ సరిచూసుకునే వీలే లేదు.

సమాధానం 2: నేను టారో చెబుతాను. పై చరిత్రను పూర్తిగా ఒప్పుకుంటాను, కానీ పుట్టుక కథ తప్పయినంత మాత్రాన పద్ధతి పనికిరాదనడం సరికాదు. నేడు ఎక్కువమంది వాడే పేక 1909లో లండన్‌లో వెలువడింది; ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ రూపకల్పన చేయగా పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీశారు. (ఆమె పేరు చాలాకాలం ఎవరూ తలచకపోవడం నన్ను బాధిస్తుంది.) ఆమె గీసిన మూడు కత్తుల ముక్కలో వాన కురుస్తుండగా ఒక గుండెలో మూడు కత్తులు దిగి ఉంటాయి. దాన్ని ముందు పెడితే, అడగడానికి వచ్చినవారు అంతవరకు దాచుకున్న విషయాన్ని తామే చెప్పడం మొదలుపెడతారు. ఆ సంభాషణకే విలువ ఉందని నా నమ్మకం.

సమాధానం 1: ఆ విలువను నేను కాదనను. నా అభ్యంతరమల్లా భవిష్యత్తు చెబుతామన్న హామీ మీదనే. కలిపిన పేకలోంచి ఏ ముక్క వస్తుందన్నది యాదృచ్ఛికం, అర్థాలు కూడా స్థిరంగా లేవు: నేడు లాంతరు పట్టుకుని కనిపించే సన్యాసి మిలాన్ ముక్కలో ఇసుక గడియారం పట్టుకున్న ముసలివాడు. పెళ్లి ఎప్పుడవుతుందో, ఉద్యోగం నిలుస్తుందో లేదో అలాంటి ముక్కకు తెలియదు, ఆ మాట డబ్బు పుచ్చుకోకముందే చెప్పాలి.

సమాధానం 2: చెప్పాలి. నా దగ్గరికి వచ్చేవారికి ముందుగా అదే చెబుతున్నాను; తేదీలు అడిగేవారిని తిప్పి పంపుతున్నాను.