3.0 జీపీఏ పిల్లాడికి మంచు పడే ఊళ్లో, రైలు దారిలో కాలేజీ ఏది?

పొగడచెట్టు: ఉండేది న్యూజెర్సీ. మావాడి జీపీఏ (సగటు మార్కు) నాలుగుకి 3.0. మంచంటే ప్రాణం, కారు మాత్రం నడపనంటాడు. రైల్లో వచ్చిపోయే కాలేజీ చెప్పండి.

రైలుబండి: డర్హమ్‌లోని న్యూ హ్యాంప్‌షైర్ యూనివర్సిటీ. డౌన్‌ఈస్టర్ రైలు క్యాంపస్‌లోనే ఆగుతుంది. దిగి పెట్టె లాక్కుంటూ డార్మ్‌కి నడిచిపోవచ్చు.

కృష్ణాతీరం: ఆ రైలెక్కేది బోస్టన్ నార్త్ స్టేషన్‌లో. న్యూయార్క్ రైళ్లు వెళ్లేది సౌత్ స్టేషన్‌కి. ఆ సంగతి చెప్పరేం?

రైలుబండి: సౌత్ స్టేషన్‌కి ముందొచ్చే బ్యాక్ బే స్టేషన్‌లో దిగితే ఆరెంజ్ లైన్ మెట్రో నేరుగా నార్త్ స్టేషన్‌కి వెళుతుంది.

కృష్ణాతీరం: కాగితం మీద బాగానే ఉంటుంది. మా అమ్మాయి థాంక్స్‌గివింగ్‌కి వస్తూ రైలు తప్పిపోయి, రాత్రంతా బెంచీ మీద రెండు పెట్టెలు పట్టుకుని కూర్చుంది.

చలిమంట: మంచుందని నార్త్ డకోటా యూనివర్సిటీ ఉన్న గ్రాండ్ ఫోర్క్స్ మాత్రం వద్దు. ఎంపైర్ బిల్డర్ రైలు అక్కడికి వచ్చేది అర్ధరాత్రి దాటాకే.

రైలుబండి: బోస్టన్‌లో రైలు మారడమే ఇబ్బందైతే ప్లాట్స్‌బర్గ్ సునీ (న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ) చూడండి. న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో అడిరోండాక్ రైలు ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. రోజుకి ఒక్కటే రైలు. బయటి రాష్ట్రం వాళ్లకి ఫీజు డర్హమ్ కంటే బాగా తక్కువ. ఎథన్ అలెన్ రైలు కూడా 2022 నుంచి బర్లింగ్టన్ దాకా వెళుతోంది కానీ, అక్కడి వెర్మాంట్ యూనివర్సిటీలో 3.0తో సీటు కష్టం.

కృష్ణాతీరం: రోజుకి ఒక్క రైలు! రద్దయితే? అయినా 3.0 పిల్లాడిని అంత దూరం పంపడమెందుకు? మన కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల డిగ్రీ చేస్తే ఆ క్రెడిట్లు ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు తీసుకోవాలని 2007 నుంచి చట్టమే ఉంది.

పొగడచెట్టు: రైలు గురించి అడిగితే మార్కుల దగ్గరికి వచ్చారు. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా వాడిని అడిగేది ఇదే. ఇప్పుడు రావడమే మానేశాడు, గది తలుపు తీయడు. దూరం వెళ్తానని వాడే నోరు తెరిచి అడిగాడండీ.

కృష్ణాతీరం: తప్పుగా అనుకోకండి. మా అమ్మాయి కూడా తనే అడిగి వెళ్లింది. మార్చికల్లా చదువు వదిలేసి వచ్చేసింది. అక్కడ నాలుగింటికే చీకటి, పలకరించే మనిషి లేడు. నా భయం అది, మార్కులు కాదు.

పొగడచెట్టు: నా భయమూ అదే. అందుకే రైలు. రావాలనిపించిన రోజు ఎవరినీ బతిమాలకుండా ఎక్కేయాలి. ప్లాట్స్‌బర్గ్‌కి ఫిబ్రవరిలో వాడితో వెళ్లి చూస్తాను.

రైలుబండి: మంచి నెల. రైలు ఆలస్యమైతే చీకట్లో దిగుతారు. చేతి తొడుగులు పెట్టెలో కాదు, జేబులో పెట్టుకోండి.