మా పెళ్ళి అలంకరణ మేమే చేసుకోవాలని ఉంది, ఏవి చెయ్యొచ్చు, ఏవి వదిలెయ్యాలి?

తణుకు_అమ్మాయి:

అందరికీ నమస్తే. మాఘంలో నా పెళ్ళి. తణుకు దగ్గర మా ఊళ్ళోనే, ఇంటి ముందు పందిరి వేసి చేస్తున్నారు, ముహూర్తం రాత్రి రెండు దాటాక. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, శని ఆదివారాలు ఖాళీ. ఊళ్ళో అమ్మ, పిన్ని, పిన్ని కూతుళ్ళిద్దరూ సాయం చేస్తామంటున్నారు.

డెకరేషన్ వాళ్ళని అడిగితే ఆల్బమ్ చూపించారు, అన్ని పెళ్ళిళ్ళూ ఒకేలా ఉన్నాయి, అదే ప్లాస్టిక్ పూల గోడ, అవే లైట్లు, పేర్లు మాత్రమే వేరు. రేటు ఎక్కువే, కానీ నా బాధ డబ్బు గురించి కాదు. మా అమ్మమ్మ తన పెళ్ళికి అడ్డుతెర మీద చిలుకలు తనే కుట్టుకుందట, ఆ మాట విన్నప్పటినుంచి నా పెళ్ళిలో నా చేత్తో చేసినవి ఉండాలని గట్టిగా అనిపిస్తోంది.

అనుకున్నవి ఇవి: అడ్డుతెర, కొబ్బరి బొండాం, పెళ్ళి బుట్ట, తలంబ్రాల పళ్ళేలు, మండపం వెనక క్రేప్ కాగితం పూల తెర, పందిరంతా బంతిపూల దండలు, థర్మోకోల్‌తో మా ఇద్దరి పేర్లు. ఇన్ని చెయ్యగలమా? ఏవి ముందే చేసి దాచుకోవచ్చు? ఇప్పటికే కొంచెం టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_అక్క:

చెల్లీ, చాలా మంచి ఆలోచన, వదులుకోవద్దు. మా ఇంట్లో నా పెళ్ళికీ, తర్వాత మా ఆడపడుచు పెళ్ళికీ ఇలాగే చేసుకున్నాం. నా లెక్క ఏంటంటే, పెళ్ళి తంతులో చేతికి తగిలేవి, మనిషి పట్టుకునేవి నువ్వు చెయ్యి. దూరం నుంచి చూసేవి, రాత్రికి రాత్రి కట్టేవి వేరేవాళ్ళకి వదిలెయ్యి. అడ్డుతెర, బొండాం, బుట్ట, పళ్ళేలు నీవి. పూలు నీవి కావు.

ముందు అడ్డుతెరతో మొదలుపెట్టు, ఎందుకంటే ఎక్కువ టైం పట్టేది అదే, ఎన్నాళ్ళు దాచినా పాడవనిదీ అదే. రెండు మీటర్ల తెల్ల కాటన్ గానీ లేత పసుపు పట్టు గానీ తీసుకో. చాలామంది మర్చిపోయే సంగతి, తెరకి రెండు వైపులూ ఉంటాయి. నీ వైపు నుంచి నువ్వు చూస్తావు, అటు నుంచి అబ్బాయి చూస్తాడు, ఫొటోగ్రాఫర్ రెండు వైపులా తీస్తాడు. ఒకే పొర బట్ట మీద రంగు వేస్తే వెనక మరకల్లా కనిపిస్తుంది, అందుకని రెండు బట్టలకి విడివిడిగా బొమ్మలు వేసి, మధ్యలో లైనింగ్ పెట్టి కలిపి కుట్టించు. ఫాబ్రిక్ పెయింట్ అయితే ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, బట్ట తిరగేసి ఇస్త్రీ చెయ్యి, రంగు నిలబడుతుంది. పై అంచు మడతలో సన్నటి వెదురు కర్ర దూర్చు, లేకపోతే ఇద్దరు చెరో కొస పట్టుకున్నప్పుడు మధ్యలో జారిపోయి జీలకర్ర బెల్లం పెట్టకముందే మొహాలు కనిపించేస్తాయి. కుట్టు వచ్చిన పిన్ని ఉంటే మీ అమ్మమ్మగారి చిలుకల్ని అలాగే మళ్ళీ కుట్టండి, పెయింట్ కంటే అదే బాగుంటుంది. పాత తెర ఇంట్లో ఎక్కడైనా ఉందేమో పెట్టెలన్నీ వెతికించు.

బొండాం సంగతి. పచ్చి బొండాం బరువు, పైగా దాని తొక్క మీద జిగురు సరిగా పట్టదు, గౌరీపూజ నుంచి మండపం దాకా అది నీ చేతుల్లోనే ఉంటుంది. పీచు తియ్యని ఎండుకాయ వాడొచ్చేమో మీ పంతులుగారిని ముందే అడుగు. మా పంతులుగారు ఒప్పుకున్నారు, మీ ఆచారం వేరే ఉండొచ్చు. కాయ అంతా పసుపు రంగు వేసి, బాగా ఆరాక, ముత్యాలు, చెమ్కీ గ్లూ గన్‌తో అంటించు. అరచేతులు పట్టుకునే రెండు వైపులా మాత్రం ఏమీ అంటించకు.

ఇంకొకటి, మీ వైపు కూడా ఐరేని కుండలు ఉంటే వాటి జోలికి వెళ్ళొద్దు. అవి కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెచ్చుకునేవి, సున్నం, జాజు పూసి బొమ్మలు వేసి వాళ్ళే ఇస్తారు. వాళ్ళ చేతి పని అది, దానికి తగ్గట్టు డబ్బులు ఇచ్చి గౌరవంగా తెచ్చుకోండి.

కడియం_పూలు:

తణుకు_అమ్మాయి గారూ, మాది పూల పనే, అక్క చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను. బంతిపూల దండలు మీరు గుచ్చుకోవద్దు. ముందే గుచ్చి పెట్టుకునే సరుకు కాదది. పెళ్ళికి ముందు సాయంత్రం నుంచి గుచ్చితేనే తాజాగా ఉంటాయి, ఆ సాయంత్రం మీ ఇంట్లో ఆడవాళ్ళెవరికీ తీరిక ఉండదు. మీకు కడియపులంక మార్కెట్ దూరమేం కాదు, అక్కడ గుచ్చిన దండలే దొరుకుతాయి. ముహూర్తాల రోజుల్లో రేటు పెరుగుతుంది కాబట్టి ముందే చెప్పి ఉంచండి. తెచ్చాక తడి గోనె కప్పి నీడలో పెట్టండి, నీళ్ళు మరీ ఎక్కువ చల్లితే రేకలు కుళ్ళుతాయి.

క్రేప్ కాగితం ఆలోచన మానెయ్యండి, ఇది గట్టిగానే చెబుతున్నాను. మాఘమాసం, ఆరుబయట పందిరి, రాత్రి రెండు గంటలు. మంచు కురుస్తుంది. క్రేప్ కాగితానికి తడి తగిలితే రంగు దిగుతుంది, ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తెల్ల పంచె భుజం మీద గులాబీ రంగు మరకలు చూశాను, ఆ కుటుంబం ఎంత బాధపడిందో. పైగా ముందు హోమం ఉంటుంది, కాగితం, పల్చటి నెట్ బట్ట దాని దగ్గరగా వేలాడకూడదు. వెనక తెరకి కలంకారీ బట్టలు కట్టండి. పెడన అచ్చుల బట్ట మీటర్ల లెక్కన దొరుకుతుంది, పెళ్ళయ్యాక దుప్పట్లు, కర్టెన్లు కుట్టించుకోవచ్చు. దాని ముందు తెల్ల చేమంతి దండలు నాలుగు వేలాడదీస్తే ఇంక వేరే అలంకారం అక్కర్లేదు.

థర్మోకోల్ పేర్లు వద్దు. 2022 జులై 1 నుంచి అలంకరణ థర్మోకోల్ మీద దేశమంతటా నిషేధం ఉంది, దుకాణాల్లో ఇంకా కనిపించినా కొనకండి. మేదరి వాళ్ళ దగ్గర కొత్త చేటలు రెండు తీసుకుని, పసుపు రాసి, ఒకదాని మీద మీ పేరు, ఇంకోదాని మీద ఆయన పేరు తెల్ల రంగుతో రాయండి. గుమ్మానికి అటొకటి ఇటొకటి.

డాలస్_కోనసీమ:

మా పెళ్ళి ఇక్కడ హాల్లో జరిగింది, గోడకి మేకు కాదు కదా టేపు కూడా అంటించనివ్వలేదు, మామిడాకులు ఇండియా నుంచి తెచ్చే వీల్లేదు, ఆకుపచ్చ ఫెల్ట్ బట్ట కత్తిరించి తోరణాలు కుట్టాం. మీకు ఇంటి వెనక చెట్టు ఉంది, నిజమైన ఆకులే కట్టుకోండి, ఆ అదృష్టం చిన్నది కాదు.

నేను చెప్పాలనుకున్నది తలంబ్రాల గురించి. ఈ మధ్య బియ్యంలో రంగు రంగుల థర్మోకోల్ గుళ్ళు కలిపేస్తున్నారు. దయచేసి కలపకండి. జుట్టులో, పూలజడలో ఇరుక్కుంటాయి, నేల మీద చల్లితే ఏరలేం. భద్రాచలం సీతారాముల కల్యాణానికి వడ్లని గోటితో ఒలిచి తలంబ్రాలు పంపే భక్తులు కోరుకొండ వైపు ఉన్నారు, మా నాయనమ్మ ఆ సంగతి చెబుతూ నా పెళ్ళి తలంబ్రాలకి మా అత్తలందరి చేతా నూకలు లేకుండా బియ్యం ఏరించింది. ఇండియా నుంచి వీడియో కాల్‌లో చూస్తూ, ఇక్కడున్న వాళ్ళ చేత ఏరించింది అన్నమాట. పసుపు, నెయ్యి, కాసిని ముత్యాలు చాలు. మీ అలంకరణలో అందరూ కలిసి కూర్చుని చేసే పని అదే అవ్వాలని నా కోరిక.

తణుకు_అమ్మాయి:

చాలా చాలా థాంక్స్ అండి. క్రేప్, థర్మోకోల్ రెండూ తీసేశాను. కలంకారీ ఆలోచన అమ్మకి బాగా నచ్చింది. అక్కా, బుట్ట గురించి చెప్పలేదు మీరు. మా మేనమామలు ముగ్గురు, బుట్టలో నన్ను మోసుకొస్తామని ఇప్పటినుంచే అంటున్నారు. ఇంకా చేసినవన్నీ ఊళ్ళో ఎక్కడ దాచాలి, మాది పాత పెంకుటిల్లు.

ఓరుగల్లు_అక్క:

బుట్ట కొనేటప్పుడే అడుగు గట్టిగా ఉన్నది చూసుకో, మేదరి ఆయనకి పెళ్ళికూతురు కూర్చోవడానికని చెబితే అడుగున రెండో పొర అల్లి ఇస్తాడు. అలంకారం బయటి వైపు మాత్రమే, అదీ కింది సగమే. పై అంచు మీద అద్దాలు, పూసలు పెడితే మామయ్యల చేతులు కోసుకుపోతాయి. అంచు చుట్టూ మెత్తటి పట్టు బట్ట చుట్టి కుట్టెయ్. లోపల పాత దుప్పటి మడతపెట్టి పైన కొత్త బట్ట పరుచు. ఒకసారి నిన్ను కూర్చోబెట్టి మామయ్యల చేత వాకిట్లో లేపించి చూడండి, పెళ్ళిరోజు మొదటిసారి ఎత్తడం మంచిది కాదు.

పెంకుటిల్లు అంటే ఎలుకలు ఉంటాయి. మైదా జిగురుతో అంటించినవి, బియ్యం, కొబ్బరికాయ, ఏదీ వదలవు. మూత ఉన్న స్టీల్ డ్రమ్ముల్లో గానీ ఇనప బీరువాలో గానీ పెట్టించు. నిన్ను పెళ్ళికూతుర్ని చేసే రోజుకి ముందే పనంతా అయిపోవాలి. గోరింటాకు పెట్టుకున్నాక నీ చేతులు నీవి కావు, నలుగు తర్వాత నిన్ను గుమ్మం కూడా దాటనివ్వరు.

కడియం_పూలు:

ఒకటి మర్చిపోయాను. అరటి చెట్లు గెలతో సహా తెస్తారు కదా, పందిరి గుంజకి కట్టేటప్పుడు ప్లాస్టిక్ తాడు కాకుండా తడిపిన అరటి నారతో కట్టించండి, తాడు బిగిస్తే బోదె కోసుకుపోయి గెల బరువుకి తెల్లారేసరికి ఒరుగుతుంది. మొదలు తడి ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టి పైన మట్టి, గడ్డి కప్పండి. మామిడి తోరణాలు ముందురోజు పొద్దుపోయాక కడితే చాలు. చేమంతులు ఎన్ని కావాలో తేలడానికి మండపం ఎత్తు, వెడల్పు కొలిచి ఇక్కడ పెట్టండి, లెక్క నేను వేసి చెబుతాను.