సమస్యాపూరణం: “ఆజ్ఞ యీయకున్న నాజ్ఞ చెల్లె”

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగవ పాదం. జావా ప్రోగ్రాములను సోర్సుకోడు నుండి తయారు (బిల్డు) చేసే సాధనమైన అపాచీ మేవెన్‌లో ప్రాజెక్టు వారీగా కమాండ్ లైను ఆప్షన్లను (ఆదేశంతో పాటు టైపు చేసే సూచనలను) భద్రపరచుకోవడం గురించే పూరించాలి. రాజాజ్ఞల కథలు స్వీకరించబడవు. 2015లో వచ్చిన 3.3.1 కూర్పు నుండి, ప్రాజెక్టు మూల ఫోల్డరులో ‘.ఎమ్‌వీఎన్’ అనే ఫోల్డరు పెట్టి, ప్రతిసారీ టైపు చేసే ఆప్షన్లను అందులోని ‘మేవెన్.కాన్ఫిగ్’ ఫైలులో వ్రాసుకొనే వీలుంది.

మొదటి పూరణ:

ఒక్కమారు వ్రాసి యుంచిన సూచనల్
మేవె నరసి చదువు మేలుకొనుచు;
జట్టులోన నెవరు సాగించినను బిల్డు
ఆజ్ఞ యీయకున్న నాజ్ఞ చెల్లె.

నిర్వాహకుడు: విరోధం చక్కగా విడిపోయింది. మొదటి ఆజ్ఞ టైపు చేసేది, రెండవది ఫైలులో నిలిచి ఉండేది. ఈ పద్యానికి ప్రాణం మూడవ పాదం: ఫైలు సోర్సుకోడుతో పాటు, దాని మార్పులను భద్రపరచే గిట్‌లో చేరుతుంది కాబట్టి నిన్న చేరిన ఉద్యోగికీ, బిల్డు సర్వరుకూ అవే ఆప్షన్లు వర్తిస్తాయి; ఎవరి యంత్రంలో వారు పెట్టుకొనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఆ గుణం లేదు. ‘చదువు’, ‘చెల్లె’ అన్న క్రియలకు కాలం పొసగలేదు. ‘చదివె’ అంటే గణభంగం లేకుండానే సరిపోతుంది.

ఒక సభ్యురాలు: సవరణ బాగుంది. అయితే ఫైలు జట్టంతటికీ చేరుతుంది కనుకనే పాస్‌వర్డులను అందులో వ్రాయకూడదు. వాటి చోటు ఎవరి హోమ్ ఫోల్డరులో వారికుండే సెట్టింగ్స్ ఫైలు. పైగా ‘చెల్లె’ అన్నంతలో అది తిరుగులేని ఆజ్ఞ కాదు. అదే ప్రాపర్టీకి (పేరు పెట్టిన అమరికకు) కమాండ్ లైనులో మరొక విలువ ఇస్తే ఆ విలువే నెగ్గుతుంది.

రెండవ పూరణ:

స్మృతికి హద్దు వేఱు చిట్టాన వ్రాయంగ
జేవియెమ్ము దానిఁ జేతఁ బట్టె;
మేవె నింక లేచి మెలఁగక మున్నె తాన్
ఆజ్ఞ యీయకున్న నాజ్ఞ చెల్లె.

నిర్వాహకుడు: నాకు అన్నిటికంటె నచ్చిన పూరణ ఇది. మేవెన్ మొదలయ్యేసరికే జేవీఎమ్ (జావా ప్రోగ్రాములను నడిపే యంత్రాంగం) నడుస్తూ ఉంటుంది కనుక, మెమరీ పరిమితి చెప్పే ‘-ఎక్స్‌ఎమ్‌ఎక్స్’ ఆప్షన్‌ను ‘మేవెన్.కాన్ఫిగ్’లో వ్రాస్తే ప్రయోజనం లేదు. దానికి పక్కనే ‘జేవీఎమ్.కాన్ఫిగ్’ అనే వేరు ఫైలుంది. ‘తాన్’ అన్న ఒక్క మాటతో ఆజ్ఞ ఈయనిది మేవెనే అని తేల్చడం గొప్ప నేర్పు. ఫైలును చదివేది మేవెన్‌ను మొదలుపెట్టే లాంచరు స్క్రిప్టు, అందుకొనేది జేవీఎమ్. కాబట్టి ‘చేతఁ బట్టె’ సరైన ప్రయోగం.

మూడవ పూరణ:

వరుస కొకటి గాక వ్రాసిన ఫైలునే
కొత్త కూర్పు చదివి తప్పుపట్టె;
పాత కూర్పునందుఁ బదిలంబుగా నుండె
ఆజ్ఞ యీయకున్న నాజ్ఞ చెల్లె.

నిర్వాహకుడు: విషయం ఎంతో అవసరమైనది. 2023లో వచ్చిన 3.9.0 నుండి ‘మేవెన్.కాన్ఫిగ్’లో ఒక్కొక్క ఆర్గ్యుమెంటును (ఆప్షన్‌ను లేదా దాని విలువను) ఒక్కొక్క వరుసలో వ్రాయాలి; అంతకు ముందు ఖాళీలు విడిచి ఒకే వరుసలో వ్రాసినవి చెల్లేవి. ఇప్పుడు ఆ వరుస అంతా ఒకే ఆర్గ్యుమెంటుగా పరిగణింపబడి బిల్డు ఆగిపోవచ్చు. రెండవ పాదంలో ‘కొ’కు ‘త’తో యతి కుదరలేదు, ప్రాసయతీ లేదు. ‘కొత్త కూర్పు చదివి కొట్టివేసె’ అని మార్చితే యతి కుదురుతుంది, భావమూ చెడదు.